మొదటి డాన్ పరీక్షకు జూడో పేర్లు నేర్చుకున్న తీరు

ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటూ జూడో మొదలుపెట్టిన నాకు, మొదటి డాన్ (నల్లబెల్టులో తొలి స్థాయి) పరీక్ష దగ్గరపడేసరికి తగిలే దెబ్బలకన్నా పేర్లే ఎక్కువ కష్టమనిపించాయి. ఆ పరీక్షలో పోటీలతో పాటు, పడవేసే పద్ధతులను నిర్ణీత క్రమంలో చేసి చూపే ‘నాగే నో కాతా’లోని మొదటి మూడు వర్గాలను, అంటే చేతితో, నడుముతో, కాలితో పడవేసే తొమ్మిది పద్ధతులను కుడివైపూ ఎడమవైపూ చేసి చూపాలి. మా గురువుగారు జపనీసు తప్ప మాట్లాడరు. పేరు చెప్పి చేయమంటారు.

పేర్లను విడదీసి చూడడంతో నాకు దారి దొరికింది. ‘ఓ’ పెద్ద, ‘కో’ చిన్న, ‘ఉచి’ లోపల, ‘సోతో’ బయట, ‘ఆషి’ కాలు, ‘కోషి’ నడుము. ‘కారి’ అంటే కోత. కనుక ‘ఓ సోతో గారి’లో ప్రత్యర్థి కాలికి బయటివైపు నుంచి మన కాలిని బాగా ఊపి, కొడవలి వేసినట్టు అతని కాలిని వెనకనుంచి ఎత్తివేయాలి. సమాసంలో రెండో మాటగా వచ్చినప్పుడు ‘కారి’ ‘గారి’గా, ‘కోషి’ ‘గోషి’గా, చక్రమనే ‘కురుమ’ ‘గురుమ’గా మారుతాయి. కూర, కాయ కలిసి కూరగాయ అయ్యే గసడదవాదేశాన్ని బడిలో చదువుకున్న నాకు ఇది తెలిసినప్పుడు ఎంతో సంతోషం కలిగింది. అయితే ‘నాగే నో కాతా’లోని కాతాకు నిర్ణీత రూపమని, ‘కాతా గురుమ’లోని కాతాకు భుజమని అర్థం, లిపిలో చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది.

వీటన్నిటికీ ఆధారం కుజుషి, త్సుకురి, కాకే: ప్రత్యర్థి తూకం తప్పించడం, అందుకు తగ్గట్టు మన శరీరాన్ని అమర్చుకోవడం, పడవేయడం. 1882లో జూడో పాఠశాల అయిన కోడోకాన్‌ను స్థాపించిన కానో జిగోరో బోధనకు ఇదే కేంద్రం. కాతాలో మొదటిదైన ‘ఉకి ఓతోషి’లో పడవేసే ‘తోరి’ వెనక్కి జరుగుతూ, పడే ‘ఉకే’ను ముందుకు రప్పించి, మూడో అడుగులో ఎడమ మోకాలిని తాతామి (నేల మీద పరిచే చాప) మీద ఆనించి రెండు చేతులతో లాగుతాడు. నడుము తగిలించడు, కాలు అడ్డుపెట్టడు; తూకం తప్పిన క్షణాన్ని పట్టుకుంటేనే ఉకే గాలిలో తిరిగి పడతాడు. మా గురువుగారు కొన్ని సాయంత్రాలు పూర్తిగా ఇదొక్కటే చేయించి, లాగడం ఆలస్యమైనప్పుడల్లా ‘కుజుషి’ అని ఒక్క మాట అనేవారు.

పరీక్షలో నెగ్గాను. రెండో డాన్‌కు మిగిలిన రెండు వర్గాలు, అంటే తోరి తన శరీరాన్నే నేలకు వదిలేసే ‘సుతేమి వాజా’లు కూడా కావాలి. ఉకే పొత్తికడుపు మీద పాదం ఆనించి, వెల్లకిలా పడుతూ అతన్ని తలమీదుగా విసిరే ‘తోమోయె నాగే’తో ఆ సాధన మొదలుపెట్టాం.