మాల్ట్ ఎప్పుడు వెయ్యాలి: నాలుగు వాయిల లెక్క

ఫిబ్రవరి నుంచి జూలై దాకా నాలుగు వాయిలు కాచాను. ఒకటి పొంగింది, ఒకటి చేదెక్కింది, ఒకటి కుదిరింది, ఒకటి అడుగంటింది. గారెలకీ అరిసెలకీ వాయి అంటాం కదా, బ్యాచ్ అనే మాటకి అంతకన్నా మంచి తెలుగు నాకు తట్టలేదు.

ముందే చెప్పేస్తాను, నేను కాచేది బీరు కాదు, మాల్ట్ సోడా. డల్లాస్‌లో ఉన్న నాలుగేళ్ళూ మా బావగారి గ్యారేజీలో ఇద్దరం కలిసి బీరే కాచేవాళ్ళం. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని అక్కడ ఇంటి వాడకానికి కాచుకుంటే ఎవరూ అడగరు. పాలకొల్లు దగ్గర మా ఊరికి వచ్చేశాక ఆ ముచ్చట లేదు. 1968 నాటి మన ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేస్తే నేరం. అందుకని చక్కెరని మద్యంగా మార్చే ఈస్ట్ ఒక్కటీ మానేశాను, మిగతా పనంతా అదే. బావగారు మాత్రం ఇప్పటికీ బీరే కాస్తారు. ఇద్దరం ఒకే కొలతతో రెండున్నర లీటర్ల చిక్కటి రసం దింపుతాం, బీరు వాళ్ళ భాషలో దాన్ని వర్ట్ అంటారు. ఆయన దానికి రెండున్నర లీటర్ల చల్లటి నీళ్ళు కలిపి ఈస్ట్ వేస్తారు. నేను రెండున్నర లీటర్ల చల్లటి సోడా కలుపుతాను. ఆయన వారాల తరబడి ఆగాలి, నాకు రెండు నిమిషాలు చాలు.

కాబట్టి ఇద్దరికీ తగువు ఒక్కటే. గంటసేపు మరిగించే దాంట్లో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మొదట్లో వెయ్యాలా, చివర్లోనా?

మాల్ట్ అనగానే మా వైపు అందరికీ గుర్తొచ్చేది రాగి మాల్టూ హార్లిక్సే. రాజమండ్రి దగ్గర హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉండడం వల్ల ఆ మాట మాకు కొత్త కాదు. ఇక్కడి వస్తువు దానికి దూరపు చుట్టం: బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, మరపట్టి, వేడినీళ్ళలో ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్ళని ఇగరబెడితే చిక్కటి పాకం. పూర్తిగా ఆరబెడితే పొడి. అంటే మన చేతికి వచ్చేసరికే అది కాచి దింపిన సరుకు. మనం మళ్ళీ గంటసేపు కాచాల్సిన అవసరమే లేదు. గంట కావలసింది హాప్స్‌కి, అంటే బీరుకి చేదిచ్చే పువ్వుకి. ఆ పువ్వులోని ఆమ్లాలు చేదుగా మారడానికి మరుగు పట్టాలి. ఈ రెంటినీ కలిపి చూడడం వల్లే నాకు రెండు వాయిలు పోయాయి.

నా కొలత: పొడి మాల్ట్ 600 గ్రాములు, హాప్స్ గుళికలు 4 గ్రాములు, నీళ్ళు 3.2 లీటర్లు. గంట మరిగాక రెండున్నర లీటర్లు మిగులుతుంది. బావగారు బీరుకి హాప్స్ 10 గ్రాములు వేస్తారు. కేజీ పొడి మాల్ట్‌ని లీటరు రసంలో లెక్కేస్తే చిక్కదనం 375 పాయింట్లు, కాబట్టి 600 గ్రాములు రెండున్నర లీటర్లలో 90 పాయింట్లు, అంటే చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ మీద 1.090. సోడా కలిపాక 1.045. పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసినవాళ్ళకి హైడ్రోమీటర్ కొత్తగా ఉండదు. కాకపోతే అది 20 డిగ్రీలకి కొలిచి చేసింది. మన ఇంట్లో చల్లారిన రసం కూడా 32 డిగ్రీలు ఉంటుంది కాబట్టి చూపించినదానికి 0.003 కలుపుకోవాలి.

మొదటి వాయి, ఫిబ్రవరి

600 గ్రాములూ మొదట్లోనే వేశాను. డల్లాస్‌లో మొదటిసారి కొన్న కిట్ కాగితం మీద అలాగే ఉండేది, అదే చేతికి అలవాటు. మరుగుతున్న గిన్నె మీద ప్యాకెట్ వంచాను. ఆవిరి తగిలేసరికి పొడి ప్యాకెట్ మూతి దగ్గరే జిగురైపోయింది, కింద పడ్డది ఉప్మా రవ్వ ఉండకట్టినట్టు తేలింది. ఆ ఉండల్ని గరిటెతో నలుపుతూ ఉండగా హాప్స్ గుళికలు వేశాను. అంతే, పాలు పొంగినట్టు ఒక్కసారి లేచింది. స్టవ్ బర్నర్ కన్నాల్లోకి దిగింది. తెల్లారి అమ్మ సూదితో ఒక్కో కన్నం పొడుస్తూ, "ఒరేయ్, ఇది పాకమా, కషాయమా? ఏదో ఒకటి చెప్పు, దాన్నిబట్టి తిడతాను" అంది.

రంగు డికాషన్ లాగా వచ్చింది. చక్కెరలూ ప్రోటీన్లూ కలిసి గంటసేపు వేడి తింటే ముదురుతాయి, అదీ 1.090 చిక్కదనంలో ఇంకా గట్టిగా. చివర్లో కాల్చిన బెల్లం వాసన. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

రెండో వాయి, మార్చి

బావగారు ఫోన్‌లో, "అన్నీ చివర్లో వేసెయ్ అబ్బాయ్, స్టవ్ కట్టేశాక" అన్నారు. సరే అని బోరు నీళ్ళలో హాప్స్ ఒక్కటీ గంట మరిగించి, మాల్ట్ దింపేముందు వేశాను. రంగు బంగారంలా వచ్చింది. నోట్లో పెడితే మాత్రం నాలుక వెనక గీసినట్టు చేదు, మింగాక కూడా పోదు.

తప్పు రెండు చోట్ల ఉందని తర్వాత తేలింది. మాల్ట్ కలిసిన నీళ్ళు కొంచెం పులుపు వైపు ఉంటాయి, పీహెచ్ 5 దాటి కొద్దిగా. వట్టి నీళ్ళు 7 పైనే. ఆ క్షారంలో హాప్స్ మరిగితే చేదు మొరటుగా దిగుతుంది. దానికి తోడు మా బోరు నీళ్ళు సముద్రం వైపు ఊళ్ళ తీరు, ఉప్పూ సున్నమూ. ఎక్స్‌ట్రాక్ట్‌లో తయారీదారు వాడిన నీళ్ళ లవణాలు ఎలాగూ ఉంటాయి, వాటి మీద మన బోరు లవణాలు కూడా ఎందుకు? అప్పటినుంచి ఆర్వో ప్లాంటు 20 లీటర్ల టిన్నే. ఎక్స్‌ట్రాక్ట్‌తో కాచేవాళ్ళకి అంతకు మించిన నీళ్ళ శాస్త్రం అక్కర్లేదని నా అభిప్రాయం.

మూడో వాయి, ఏప్రిల్

ఇదే నిలబడిన పద్ధతి, వివరంగా రాస్తాను.

ఆర్వో నీళ్ళు 3.2 లీటర్లు, నాలుగో వంతు మాల్ట్, అంటే 150 గ్రాములు, స్టవ్ వెలిగించకముందే చల్లటి నీళ్ళలో కలిపేశాను. శనగపిండి చన్నీళ్ళలో కలిపినట్టే, ఉండ కట్టదు. మరుగు మొదలయ్యి పైన గోధుమరంగు నురుగు లేచి, నాలుగైదు నిమిషాలకి దానంతట అదే కుంగిపోయింది. అప్పుడు హాప్స్ వేశాను. ముందు వేసి ఉంటే మళ్ళీ పొంగేది.

మిగతా 450 గ్రాములు అర లీటరు చన్నీళ్ళలో ముందే గిలకొట్టి పక్కన పెట్టుకున్నాను (ఆ అర లీటరు 3.2లోనిదే, అదనం కాదు). 50వ నిమిషంలో స్టవ్ కట్టేశాను. సిమ్‌లో పెట్టడం కాదు, పూర్తిగా కట్టెయ్యడమే. గరిటెతో సుడి తిప్పుతూ ఆ జావ పోశాను, గిన్నె అడుగు గీకి చూసుకుని మళ్ళీ వెలిగించాను. మరుగు అందుకున్నాక పది నిమిషాలు. క్రిములు చావడానికి అది బోలెడు. మొత్తం కలిపి రంగు పెద్దగా మారలేదు. కిటికీ దగ్గర తెల్ల కాగితం ముందు మొదటి వాయి సీసా, దీని సీసా పక్కపక్కన పెడితే ఒకటి డికాషన్, ఒకటి కొత్త తేనె. తూకం చూస్తే రెండిట్లో ఉన్న మాల్ట్ ఒక్కటే.

చేదు సంగతి ఇంకో విచిత్రం. చిక్కటి రసంలో హాప్స్ చేదు తక్కువ దిగుతుందని బీరు లెక్కలు చెప్తాయి. గంట మరుగుకి, చేదు లెక్కగట్టే టిన్‌సెత్ సూత్రంలో వేసి చూస్తే హాప్స్ ఆమ్లంలో 1.090లో సుమారు 16 శాతం, నాలుగో వంతు మాల్ట్ ఉన్న 1.022లో సుమారు 30 శాతం చేదుగా దిగుతుంది. బావగారి 10 గ్రాముల హాప్స్ 5 శాతం ఆమ్లం ఉన్నవి, ఐదు లీటర్ల బీరులో 16 ఐబీయూ (బీరు చేదుకి కొలత) కాస్తా 30 అవ్వాలన్నమాట. ఆయన రెండు రకాలూ కాచి, "చేదు పెరిగింది గానీ రెట్టింపు కాదయ్యా" అన్నారు. నేనైతే కాగితం కన్నా ఆయన నాలుకనే నమ్ముతాను. పాత కొలతతో కాచి మాల్ట్ మాత్రం ఆలస్యంగా వేసేవాళ్ళు హాప్స్ కొంచెం తగ్గించుకోవడం మంచిది. నేను 4 నుంచి 3 గ్రాములకి దిగాను.

దించాక గిన్నెని ఐసు నీళ్ళ తొట్టిలో పెట్టి చల్లార్చి, వేడినీళ్ళలో ఉడికించిన సీసాలో పోసి ఫ్రిజ్‌లోకి. ఇక్కడ ఒక జాగ్రత్త. బీరుకి ఆల్కహాలు కాపలా ఉంటుంది, పులిసి పీహెచ్ కూడా దిగుతుంది. పులియని రసానికి ఆ రెండూ లేవు. పీహెచ్ 4.6 పైన ఉన్న తీపి రసాన్ని మూత బిగించి బయట పెడితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు భయం ఉంది, అది రంగులోనూ వాసనలోనూ తెలియకపోవచ్చు. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఆ తర్వాత మిగిలింది కొబ్బరిచెట్టు మొదట్లో. ఏప్రిల్ ఎండల్లో కరెంటు పోయిన రాత్రి ఒక సీసా అలాగే పారబోశాను, బాధేసింది గానీ తప్పదు.

తాగేటప్పుడు గ్లాసులో ముందు చల్లటి రసం, దాని మీద సోడా, ఒక నిమ్మబద్ద. కొట్టు సోడాయే. ఆర్టోస్ కూల్‌డ్రింకు పుట్టిన గోదావరి గడ్డ మీద సోడాకి కరువేమిటి!

నాలుగో వాయి, జూలై

వానలు మొదలయ్యాయి. మిగిలిన పొడి మాల్ట్ ప్యాకెట్ క్లిప్ పెట్టి అలమరలో ఉంచాను. గాలిలో తేమ తాగి బెల్లం అచ్చులా గట్టిపడింది. రోకలితో కొడితే పగిలింది, చేతికి అంటుకుని సాగింది. పనికి రాకుండా పోదు, కాకపోతే తూకం నమ్మలేం, తాగిన నీళ్ళ బరువు కూడా అందులోనే ఉంటుంది. గాలి చొరని డబ్బాలో పోసి పెట్టాల్సింది.

అందుకని ఈసారి భీమవరంలో బేకరీ సామాను కొట్లో చెప్పి పాకం మాల్ట్ తెప్పించుకున్నాను. పాకంలో ఐదో వంతు నీళ్ళే ఉంటాయి, 600 గ్రాముల పొడికి 750 గ్రాముల పాకం పడుతుంది. డబ్బాని వేడినీళ్ళలో పావుగంట ఉంచితే ధారగా జారుతుంది, లేకపోతే స్పూను నిలబడిపోతుంది.

అన్నీ తెలిసి కూడా ఆ రోజు స్టవ్ కట్టెయ్యలేదు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని బావగారితో మాట్లాడుతూ సిమ్‌లో పెట్టి పోశాను. పొడి జావ కొంతసేపైనా తేలుతుంది, పాకం రాయిలా నేరుగా అడుక్కి దిగుతుంది. ముందు కాజాల పాకం లాంటి కమ్మటి వాసన వచ్చింది, బాగుందే అనుకునేలోపు మాడు వాసనైంది. గిన్నె వంచి చూస్తే అడుగున అరచేతి వెడల్పున నల్లటి చెక్కు. రసం పైపైన వేరే గిన్నెలోకి వంపినా ఆ మాడు రుచి పోలేదు. అది బీరైనా పోదు, ఈస్ట్ చక్కెర తింటుంది గానీ మాడుని తినదు.

ఇక మొదటి వాయి సంగతి. ఏప్రిల్‌లో ఇంటికి వచ్చిన చుట్టాలకి మూడో వాయిది పోసిస్తే అందరూ బాగుందన్నారు. అమ్మ మాత్రం రెండు గుక్కలు తాగి, "స్టవ్ పాడుచేసినప్పటిదే బాగుంది, ఆ బెల్లం వాసన దీనికి లేదు" అంది. ఆలోచిస్తే నిజమే. బావగారికి కావలసింది లేత రంగు బీరు, ఆయనకి ఆలస్యంగా వెయ్యడమే సరి. పులియని సోడాలో ఆ కాలిన తీపి వంక కాదు, రుచే. అందుకని ఐదో వాయికి సగం మొదట్లో, సగం చివరి పది నిమిషాల్లో వేసి చూస్తాను. పాకం డబ్బా ఎండకి నల్లబడకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. గిన్నె అడుగు ఇంకా చింతపండు నీళ్ళలో నానుతోంది.