మార్నింగ్ డ్యూటీ, మెడికల్ వార్డు

ఇవాళ వార్డులో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. ఎమర్జెన్సీ రాలేదు, అటెండర్లతో గొడవ లేదు. అందుకే రాయాలనిపించింది. నర్సింగ్ క్లాసుల్లో సహానుభూతి పాఠం వచ్చిందంటే చావో, క్యాన్సరో, ఏడుస్తున్న తల్లో ఉండాల్సిందే. వార్డులో మాత్రం దాని పని ఎక్కువగా పడేది సూది గుచ్చేటప్పుడు, బెడ్‌పాన్ పెట్టేటప్పుడు.

నరంలో పెట్టే సన్నటి గొట్టం, క్యాన్యులా సంగతే చూడండి. మామూలు సెలైన్‌కి, యాంటిబయాటిక్‌కి గులాబి రంగు 20 గేజ్ చాలు. ముసలివాళ్ల సన్నటి నరాలకి నీలం 22 నయం (గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం). బెల్టు కట్టే ముందు "ఏ చేత్తో అన్నం తింటారు?" అని అడిగి రెండో చేతికి పెట్టాలి. అడక్కపోతే అది తీసేదాకా ఆ మనిషికి ఇంకొకరు కలిపి పెట్టాల్సిందే. మణికట్టు దగ్గరో మోచేతి మడతలోనో పెడితే చెయ్యి వంచినప్పుడల్లా సెలైన్ ఆగిపోతుంది, కాబట్టి ముంజెయ్యి మేలు. స్పిరిట్‌తో 30 సెకన్లు తుడిచాక అది ఆరేదాకా ఆగాలి. తడి మీదే గుచ్చితే భగ్గున మండుతుంది, పైగా క్రిములూ సరిగ్గా చావవు. రోగి "అబ్బా" అన్నది సూదికే అనుకుంటాం గానీ, అందులో సగం స్పిరిట్ మంటే.

"ఏం నొప్పుండదమ్మా" అని మాత్రం అనకూడదు. "చురుక్కుమంటుంది, మూడు అంకెలు లెక్కపెట్టండి, చెయ్యి కదపకండి" అంటే చాలామంది కదపరు. నొప్పుండదని చెప్పి గుచ్చినవాళ్లు ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు, పథ్యం సంగతి చెప్పినా సరే. రెండుసార్లు నరం దొరక్కపోతే మూడోసారి వేరే సిస్టర్‌ని పిలవాలి. అక్కడ పట్టుదలకి పోతే దెబ్బ తినేది రోగి చెయ్యే.

పొటాషియం కలిపిన బాటిల్ నడుస్తుంటే "చెయ్యి మండుతోంది సిస్టర్" అనే మాట వినిపిస్తుంది. "అది మామూలేలే" అని వెళ్లిపోవడం తేలిక. మంట నిజంగా మామూలే కావచ్చు, కానీ ఆ మాట అనేముందు ప్లాస్టర్ చుట్టూ చూడాలి. ఎర్రబడిందా, వేడిగా ఉందా, ఉబ్బిందా? ఉబ్బితే మందు నరంలోకి కాక చర్మం కిందకి పోతున్నట్టు. వెంటనే ఆపి, క్యాన్యులా తీసేసి డాక్టర్‌కి చెప్పాలి. ఉబ్బు లేకపోతే చుక్కల వేగం ఆర్డర్‌తో సరిపోల్చాలి. రోగి మాట నమ్మి వంగి చూడటానికి అర నిమిషం పడుతుంది.

ఇవాళ కేస్ షీట్‌లో ఒకచోట "మాత్ర వేసుకోవడం లేదు, మాట వినడం లేదు" అని రాసి ఉంది. గుండె ఫెయిల్యూర్‌తో చేరిన పెద్దాయన. కాళ్ల వాపు తగ్గలేదు, పొద్దున చూసిన బరువూ తగ్గలేదు. ఎందుకు వేసుకోవట్లేదని గద్దించినంతసేపూ జవాబు రాదు. "రాత్రిపూట బాత్రూంకి ఎవరు తోడొస్తున్నారు, మాస్టారూ?" అని అడిగితే వచ్చింది. దగ్గరున్నది కోడలు. ఒంటేలుకి లేపమని కోడల్ని ఎలా అడుగుతాడు? బాత్రూం వరండా చివర, అక్కడ నేల ఎప్పుడూ తడే.

ఆయనకి ఇస్తున్నది లాసిక్స్, ఒంట్లో చేరిన నీటిని ఒంటేలు ద్వారా బయటికి పంపే మందు. ఆ మాత్ర వేసుకున్న గంటలోపు పని మొదలుపెడుతుంది, ఆరేడు గంటలు దాని ప్రభావం ఉంటుంది. రెండో డోసు రాత్రి 8కి ఇస్తే రాత్రి 2 దాకా తిరుగుతూనే ఉండాలి. ఆయన మాత్ర దిండు కింద దాచడంలో తర్కం ఉంది. చేయాల్సింది ఇదీ: రెండో డోసు మధ్యాహ్నం 2కి మార్చమని రౌండ్స్‌లో డాక్టర్‌ని అడగడం (మనంతట మనం మార్చకూడదు), యూరిన్ పాట్ మంచం పక్కన చేతికి అందేలా పెట్టడం, తెర లాగడం, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో చార్టులో రాయడం. రోజూ ఒకే సమయానికి, ఒంటేలుకి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూడాలి.

బ్రిటన్‌లో నర్సింగ్ పరిశోధకురాలు థెరిసా వైజ్‌మన్ 1996లో సహానుభూతికి నాలుగు లక్షణాలు చెప్పింది: ఎదుటివారి కళ్లతో చూడటం, తప్పు పట్టకపోవడం, వాళ్ల మనసులో ఏముందో గ్రహించడం, గ్రహించామని వాళ్లకి తెలిసేలా చేయడం. మన దగ్గర తరచూ తప్పిపోయేది నాలుగోదే. మనసు మంచిదైన సిస్టర్లకి కొరత లేదు. "నాకు భయంగా ఉందమ్మా" అన్న మనిషికి "ఏం కాదులే" అని సెలైన్ మార్చి వెళ్లిపోతే, ఆ మంచితనం సంగతి ఆయనకెలా తెలుస్తుంది? "దేనికి భయం?" అని తిరిగి అడిగితే జబ్బు కన్నా ముందు ఆరోగ్యశ్రీ అప్రూవల్ గురించో, ఇంటి దగ్గర గేదె పాలు ఎవరు పితుకుతున్నారో అన్న బెంగో బయటికొస్తుంది. అప్రూవల్ సంగతి కౌంటర్‌లో కనుక్కుని చెప్పొచ్చు. గేదె విషయంలో మనం చేయగలిగింది లేదు, వినడం తప్ప.

టైం ఎక్కడుంది అనే మాట నిజమే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. చాలా వార్డుల్లో ఆ లెక్క కాగితం మీదే. అలాంటి చోట సహానుభూతి మీద ఇంకో వర్క్‌షాప్ పెట్టడం నాకు ఎగతాళిలా తోస్తుంది. అయినా బీపీ చూడటానికి ఎలాగూ మంచం దగ్గరికి వెళ్తాం. చేతికి చుట్టిన పట్టీ, అంటే కఫ్, బిగుస్తున్నంతసేపూ మాట్లాడించకూడదు, మాట్లాడితే రీడింగ్ పెరుగుతుంది. గాలి వదిలి కఫ్ విప్పుతున్నప్పుడు ఒక ప్రశ్న అడగొచ్చు.

రెండింటికి హ్యాండోవర్, అంటే తర్వాతి డ్యూటీ వాళ్లకి వార్డు అప్పగించడం. మందులు, సెలైన్లు, ల్యాబ్ రిపోర్టులు అందరూ చెప్తారు. "కోడల్ని లేపలేక మాత్ర దాస్తున్నారు, పాట్ ఎడమవైపు పెట్టాం, లాసిక్స్ 2కి మారింది" అన్నది కూడా పుస్తకంలో రాయాలి. రాయకపోతే నైట్ సిస్టర్ పాత అలవాటు కొద్దీ ఎనిమిదింటికే మాత్ర ఇస్తుంది, ఆయన మళ్లీ దాస్తాడు.