పెదవులకీ మాటకీ పొత్తు కుదిరేదాకా: టీవీ, సౌండ్‌బార్, రిమోట్లతో నా అనుభవం

ఇవాళ మధ్యాహ్నానికి మా టీవీ, సౌండ్‌బార్, డీటీహెచ్ బాక్సు ఒక దారికొచ్చాయి. గోళ్లలో గోడ సున్నం ఇంకా వదల్లేదు. కోపం చల్లారితే సగం మర్చిపోతానని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో చెవి మందం ఉన్న పెద్దవాళ్లుంటే మాత్రం చివరిదాకా చదవండి.

మాది తెనాలి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మా వారికి 71. రెండు చెవులకీ మిషన్లున్నాయి. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి పైస్థాయి, అంటే కీచుగా ఉండే, ధ్వనులు. స, ష, త, ప లాంటి హల్లుల తేడా మనకి తెలిసేది చాలావరకు ఆ ధ్వనుల వల్లే. అందుకే సౌండ్ ఎంత పెంచినా గోల పెరుగుతుంది తప్ప మాట విడిపడదు. పైగా ఇప్పటి పల్చటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మా వారు సగం చెవితో, సగం కంటితో వింటారు. ఎదుటివాళ్ల పెదవులు చూస్తూ, చెవిన పడ్డ ముక్కల్ని వాటికి అతికించుకుంటారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే నేను ఎందుకింత పట్టుబట్టానో మీకే తెలుస్తుంది.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి 43 అంగుళాల టీవీ, మాటల్ని విడిగా వినిపించే వాయిస్ మోడ్ ఉన్న సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు) ఆన్‌లైన్‌లో బుక్ చేశాడు. పార్సిల్ చెప్పిన రోజుకే వచ్చింది. డీటీహెచ్ పాతదే. వైఫై కలపడం, యాప్‌లు వేసుకోవడం నేనే చేసుకున్నాను, అందులో చెప్పుకోవడానికేమీ లేదు. గోడకి బిగించడానికి కంపెనీ తరఫు కుర్రాడొచ్చి అరగంటలో డ్రిల్ చేసి మట్టసంగా బిగించాడు. ఆ పని వరకు వంక పెట్టను.

సౌండ్‌బార్ దగ్గర మొదలైంది. ఆ డబ్బాలోని పుస్తకం ముందు రోజే చదివి పెట్టుకున్నాను. మామూలుగా హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మా సౌండూ టీవీ లోపలికి వస్తాయి. టీవీలోంచి సౌండ్ వెనక్కి, అంటే బార్‌కి, వెళ్లాలంటే ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే తీగ పెట్టాలి. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన పద్ధతి ఇది, కొత్త వింతేమీ కాదు. చాలా టీవీల్లో ఆ సదుపాయం ఒక్క పోర్టుకే ఉంటుంది.

"బాబూ, ఏఆర్‌సీ పోర్టులో పెట్టావా?" అన్నాను.

"అవన్నీ మీకెందుకు ఆంటీ, బ్లూటూత్ పెట్టేశా. వైరు గోల లేకుండా నీట్‌గా ఉంటది" అన్నాడు.

సరే, కాఫీ తాగి వెళ్దువుగాని అని వంటింట్లోకి వెళ్లాను. నేను డికాక్షన్ కలిపి తెచ్చేలోపు అతను మా అబ్బాయికి ఫోన్ చేసి, "అంతా అయిపోయింది సార్, ఓటీపీ చెప్పండి" అని తీసేసుకున్నాడు. ఆర్డరు వాడి పేరు మీద ఉంది కాబట్టి ఓటీపీ వాడి ఫోన్‌కే వస్తుంది. వాడక్కడ ఆఫీసు మీటింగులో ఉండి చెప్పేశాడు. టీవీ ఉన్నది ఇక్కడ, చూసేది మేము, పని అయిందని ఒప్పుకున్నది ఎక్కడో ఉన్న ఫోన్. పిల్లలు తల్లిదండ్రులకి వస్తువులు కొని పంపుతున్నారు, మంచిదే. కానీ ఇన్‌స్టలేషన్ కోసం ఇచ్చే ఫోన్ నంబరు మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లది ఇవ్వండి నాయనా. టీవీ, బార్, బాక్సు మూడూ పనిచేసి, మన కళ్లతో చూసి, మన చెవులతో విన్నాకే ఓటీపీ. అప్పటిదాకా ఎంత తొందరపెట్టినా, ఇంకో ఇంటికి వెళ్లాలన్నా, చెప్పొద్దు.

ఆ సాయంత్రం వార్తలు పెట్టాం. యాంకర్ నోరు మూసిన తర్వాత ఆమె మాట వినపడుతోంది. బ్లూటూత్‌లో సౌండ్‌ని కుదించి, గాల్లో పంపి, అవతల మళ్లీ విప్పాలి. ఈ తతంగానికి సెకనులో ఐదో వంతు ఆలస్యం అవడం మామూలే. కొన్ని టీవీలు ఆ మేరకు బొమ్మని కూడా ఆపి సర్దుకుంటాయి, మాది సర్దుకోలేదు. మెనూలో ఏవీ సింక్ అని ఉంటే అదీ తిప్పి చూశాను. మా టీవీలో అది సౌండ్‌ని ఇంకా ఆలస్యం చేయగలదు గానీ ముందుకు లాగలేదు. మామూలు చెవులున్నవాళ్లకి ఇది చిన్న చికాకు. మా వారికి అలా కాదు. పెదవులు ఒకటి చెబుతున్నాయి, చెవిలో వేరే ముక్క పడుతోంది. కాసేపు ముందుకి వంగి చూశారు, మిషన్ సవరించుకున్నారు, తర్వాత రిమోట్ నా చేతిలో పెట్టి, "నాకొద్దులే, నువ్వు చూడు" అని లోపలికెళ్లి పడుకున్నారు. పాత టీవీతోనైనా కాస్తో కూస్తో అర్థమయ్యేది ఆయనకి. కొత్తది కొని ఆ కాస్తా పోగొట్టుకున్నామా అనిపించి నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మీ రిక్వెస్ట్ క్లోజ్ అయింది మేడమ్, ఓటీపీ ఇచ్చారు కదా" అన్నారు. టీవీ ఆపి మళ్లీ వేయమన్నారు. వేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ తిప్పి తిప్పి, చివరికి ఫిర్యాదు మళ్లీ రాసుకున్నారు. వచ్చింది అదే కుర్రాడు.

ఈసారి హెచ్‌డీఎంఐ తీగ ఒకటి తెచ్చి పక్కవైపు పోర్టులో పెట్టాడు. బార్‌లో చప్పుడు లేదు. "ఈ టీవీకి ఏఆర్‌సీ రాదాంటీ. 8కే కేబుల్ వేస్తే వస్తది, 2,400 అవుద్ది" అన్నాడు. టీవీ వెనక ఉన్న పోర్టు చూశావా అని అడిగాను. జవాబు చెప్పకుండా చుట్టూ చూసి, "ఇంట్లో మగాళ్లెవరైనా ఉంటే పిలవండి, వాళ్లకి చెప్తా" అన్నాడు.

మా వారు వచ్చి నిలబడ్డారు. అతను టీవీ వైపు తిరిగి, ఆయనకి వీపు పెట్టి, గడగడా చెప్పుకుపోయాడు. ఒక్క ముక్క ఆయన చెవిన పడే అవకాశం లేదు. పెదవులు కనపడందే ఆయన వినలేరు. మర్యాదకి తల ఊపుతూ నిలబడ్డారు. "సార్‌కి అర్థమైంది కదా" అని అతను నా వైపు చూశాడు. అర్థమైంది నాకు, అడిగింది నేను, అతను చెప్పింది వినపడని మనిషికి. మా ఇంట్లో, నా ఎదురుగా, ఇద్దరినీ ఒకేసారి అలా నిలబెట్టాడు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా క్లాసుల్లో ఓమ్ నియమం ప్రయోగం ముందుగా పూర్తిచేసి లేచేది ఎక్కువగా ఆడపిల్లలే. వాళ్లలో ఇంజనీర్లయినవాళ్లున్నారు, ట్రాన్స్‌కోలో పనిచేసేవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లకీ ఇలాంటివాడొకడు వచ్చి మగాళ్లని పిలవమనే ఉంటాడు. తీగ ఏ పోర్టులో ఉందో అడగడానికి మీసాలక్కర్లేదు. ఈ కంపెనీలు కుర్రాళ్లకి స్క్రూ బిగించడం నేర్పుతున్నాయి, సంతోషం. ఇంట్లో ఎవరు అడిగితే వాళ్ల ముఖం చూసి జవాబు చెప్పడం కూడా నేర్పాలి.

"కేబుల్ వద్దు, నువ్వు వెళ్లు బాబూ. పని కాలేదని రాయి" అన్నాను. రాయనన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తానన్నాను, అప్పుడు ఫోన్‌లో అతని సూపర్‌వైజర్ మెత్తబడ్డాడు. ఆ నంబరు రాసిపెట్టుకోండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇవాళ పొద్దున మా వీధి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఫ్యాన్లూ మోటార్లూ చూసుకునే మనిషి, సౌండ్‌బార్ ఎప్పుడూ కలపలేదు. కానీ చెప్పింది వింటాడు. ముందు ఫోన్ కెమెరా ఫ్లాష్ వేసి, టీవీకీ గోడకీ మధ్య సందులో చెయ్యి దూర్చి ఫోటోలు తీశాను. మసగ్గా వచ్చినవి తీసేసి, ఒకటి పెద్దది చేసి చూస్తే, గోడ వైపు తిరిగి ఉన్న పోర్టు పక్కన నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే ఉబ్బెత్తు అక్షరాలు: హెచ్‌డీఎంఐ 2, ఏఆర్‌సీ. టీవీకి ఆ సదుపాయం నిక్షేపంగా ఉంది. స్టాండు గోడకి అంటిపెట్టుకుని ఉండడం వల్ల అక్కడికి చెయ్యి పోదు, టీవీ దించాలి. ఆ శ్రమ పడలేక అందిన పోర్టులో పెట్టి, లేదనేశాడు.

ఇద్దరం కలిసి టీవీ దించి మంచం మీద దుప్పటి పరిచి బోర్లా పెట్టాం. మామూలు తీగ పెడితే తల గోడకి తగిలి వంగిపోతుంది. ఎల్ ఆకారంలో తల ఉన్న హెచ్‌డీఎంఐ తీగ బజార్లో 300కి దొరికింది. ఏఆర్‌సీకి 8కే తీగ అక్కర్లేదు. గోడకి బిగించేవాళ్లందరికీ నా మాట: బిగించకముందే ఏఆర్‌సీ పోర్టులో తీగ పెట్టించి కిందికి వేలాడదీయించండి, ఇంకే తీగ తర్వాత పెట్టినా ఫర్వాలేదు.

బిగించాక కూడా బార్ పలకలేదు. ఇక్కడ చాలామంది వెనక్కి తగ్గుతారు. పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని సీఈసీ అంటారు. చాలా టీవీల్లో అది ఆన్ అయితేనే ఏఆర్‌సీ లేస్తుంది. కానీ మెనూలో ఆ పేరు ఉండదు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీలో సింప్‌లింక్ అనీ, సోనీలో బ్రావియా సింక్ అనీ, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. అది ఆన్ చేసి, సౌండ్ అవుట్‌పుట్‌లో టీవీ స్పీకర్ తీసేసి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పెట్టి, బార్ మీద సోర్సు కూడా అదే చేశాను. యాప్‌లలో సౌండ్ వచ్చింది. డీటీహెచ్‌లో కొన్ని హెచ్‌డీ ఛానెళ్లు మాత్రం మూగపోయాయి. ఆ ఛానెళ్ల డాల్బీ సౌండ్ బార్‌కి అర్థం కావట్లేదని తట్టింది. టీవీలో డిజిటల్ సౌండ్‌ని ఆటో నుంచి పీసీఎంకి, అంటే కుదించని మామూలు సౌండ్‌కి, మార్చాను, అన్నీ పలికాయి. పీసీఎంలో కుడి, ఎడమ రెండు వైపుల సౌండే వెళ్తుంది, మాటలు వినడానికి అది చాలు.

మా వారిని పిలిచి వార్తలు పెట్టాను. నిలబడే రెండు నిమిషాలు చూశారు. "ఆ అమ్మాయి చెప్పేది తెలుస్తోంది" అని కూర్చున్నారు.

రిమోట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మూడు రిమోట్లు ఆయన వల్ల కాదు, ఒక్కటే ఉండాలి. మా డీటీహెచ్ రిమోట్‌కి వేరే రిమోట్ పనులు నేర్పొచ్చు. రెండింటి మూతులూ ఎదురెదురుగా నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, దీంట్లో ఒక బటన్, దాంట్లో ఒక బటన్ నొక్కడమే. బార్ రిమోట్ నుంచి వాల్యూమ్, టీవీ రిమోట్ నుంచి పవర్ నేర్పాను. నేర్చుకోకపోతే నేర్పే రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించి బటన్ నొక్కండి. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. చుక్క వెలగలేదంటే బ్యాటరీ అయిపోయిందో, అది బ్లూటూత్ రిమోటో అయి ఉంటుంది. బ్లూటూత్‌ది దీనికి పనికిరాదు. ఇంకోటి, అందం కోసం డీటీహెచ్ బాక్సుని టీవీ వెనక దాచకండి. ఆ కుర్రాడు డబుల్ టేపుతో అంటించి వెళ్లాడు, రిమోట్ కిరణం అక్కడికి అందక పైకి లేచి నిలబడి నొక్కాల్సి వచ్చింది. ఇప్పుడు బాక్సు బార్ పక్కనే అరమీద ఉంది.

మా వీధిలో కరెంటు పోయి వస్తూ ఉంటుంది. సీఈసీ ఆన్‌లో ఉంటే, కరెంటు రాగానే డీటీహెచ్ బాక్సు లేచి, తనతో పాటు టీవీనీ లేపే అవకాశం ఉంది. అర్ధరాత్రి హాల్లో పాటల ఛానెల్ మోగినా ఆయనకి వినపడదు, లేచేది నేనే. అందుకే మెయిన్ ఆపి వేసి చూశాను, టీవీ దానంతటదే వెలిగింది. మెనూలో, వేరే పరికరం లేపితే టీవీ లేవాలా అనే సెట్టింగ్ విడిగా ఉంది. అదొక్కటీ ఆపాను, ఏఆర్‌సీ మామూలుగానే పనిచేస్తోంది.

ఎలక్ట్రీషియన్ 200 అడిగాడు, 500 ఇచ్చాను. ఇక మిగిలింది కంపెనీకి ఉత్తరం. ఏఆర్‌సీ అక్షరాల ఫోటో, 300 బిల్లు జతచేసి, 2,400 కేబుల్ ఎందుకు అడిగారో రాతపూర్వకంగా చెప్పమని ఈ రాత్రికే పంపిస్తున్నాను. కింద సంతకం నాది, నంబరూ నాదే.