కార్బన్ తగ్గించబోతే ఇటుక విబూది అయింది

నిన్న సాయంత్రం మా కొత్త ఇటుకల ట్రయల్ లాట్‌కి ఉక్కు ప్లాంటు వాళ్ల సంతకం పడింది. ఐదు నెలల టెన్షన్ దిగింది కానీ గోళ్లలో గ్రాఫైట్ మాత్రం ఇంకా దిగలేదు.

కరిగిన ఉక్కుని పట్టే లేడిల్ అనే పెద్ద ఇనుప తొట్టి లోపల పేర్చే మెగ్నీషియా కార్బన్ ఇటుకలో మామూలుగా 10 నుంచి 20 శాతం దాకా కార్బన్ వేస్తారు. ఆ కార్బన్ ఎక్కువగా గ్రాఫైటే. దానికి స్లాగ్ (ఉక్కు మీద తేలే కరిగిన మడ్డి) అంటుకోదు, వేడి దెబ్బకి ఇటుక పగలదు. కానీ అదే గ్రాఫైట్ వేడిని బయటి ఇనుప తొట్టికి లాగేస్తుంది, కాలిపోతే ఇటుక గుల్లబారుతుంది, కార్బన్ దాదాపు ఉండకూడని రకం ఉక్కులోకి కూడా కరుగుతుంది. అందుకని 4 శాతంతో చేసి చూపించమన్నారు. గ్రాఫైట్ తగ్గించిన చోట కొద్దిగా నానో కార్బన్ బ్లాక్, అంటే అతి సన్నటి మసి లాంటి కార్బన్ పొడి, వాడాం. దాన్ని పొడిగా గుమ్మరించకండి, ఉండలు కడుతుంది. ముందు రెసిన్‌లో (ఇటుకని పట్టి ఉంచే జిగురు) కలుపుకోండి. ప్రెస్, రెసిన్ గట్టిపడేలా 200 డిగ్రీల టెంపరింగ్ చడీచప్పుడు లేకుండా అయిపోయాయి.

కార్బన్ కాలిపోకుండా అల్యూమినియం, సిలికాన్ పొడులు వేయడం రివాజు. స్టోర్‌కి వెళ్తే సిలికాన్ లేదన్నారు. ఇండెంట్ (సరుకు కోరే చీటీ) పెట్టి మూడు వారాలు తిరిగాను. ఆ స్టోర్ బాబు టీ తాగుతూ తలెత్తకుండా "రాలేదమ్మా" అనేవాడు. విసిగిపోయి మొత్తం అల్యూమినియమే వేసేశాను. తెలివైన పని చేశాననుకున్నాను కూడా!

శాంపిళ్లను గాలి తగలకుండా కోక్ బొగ్గు పొడిలో పాతి 1000 డిగ్రీల దగ్గర కాల్చి, శనివారం కిటికీ పక్క ట్రేలో పెట్టి ఇంటికి పోయాను. విశాఖలో ఆగస్టు, ఎడతెగని ముసురు. సోమవారం ప్లాంటు నుంచి వచ్చినవాళ్ల ముందు మా జీఎం గారు ఒకటి చేతిలోకి తీసుకున్నారు. వేళ్ల మధ్య నుంచి బూడిద రంగు పొడి జారి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. "ఏమ్మా, ఇది ఇటుకా, విబూదా?" అన్నారు. అందరూ నవ్వారు. "కార్బన్ తగ్గిస్తే ఇంతే" అని ఒక పెద్దాయన తీర్పు కూడా ఇచ్చేశాడు. బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను, దాచడమెందుకు.

రెండు వారాలు రెసిన్‌ని తిట్టుకున్నాను. అసలు సంగతి డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) మర్చిపోయిన ముక్క చెప్పింది. అది రాయిలా ఉంది. విరిచి నీళ్లలో వేస్తే సన్నటి బుడగలు వరసగా లేచాయి. అల్యూమినియం కార్బన్‌తో కలిసి కార్బైడ్ అవుతుంది. దానికి తేమ తగిలితే మీథేన్ వదులుతూ ఉబ్బి ఇటుకని లోపల్నుంచి చీల్చేస్తుంది. పక్కన సిలికాన్ ఉంటే ఆ జబ్బు బాగా తగ్గుతుంది. పాత రెసిపీ రాసినవాళ్లకి ఇది తెలుసు, నాకు తెలియలేదు.

సిలికాన్ బస్తా చివరికి జీఎం గారి ఫోన్‌తో వచ్చింది, ఒక్క రోజులో. కొత్త శాంపిళ్లని కావాలనే అదే కిటికీ పక్కన వారం ఉంచాను. అంచు కూడా రాలలేదు. స్లాగ్ పోసి కాల్చి కోసి చూస్తే స్లాగ్ తినేసిన మేర పాత ఇటుకకి మించలేదు.

సంతకం కింద ప్లాంటు వాళ్లు చేత్తో ఒక షరతు రాశారు: వానాకాలంలో లేడిల్‌ని మధ్యలో చల్లారనివ్వకూడదు.