కాలవ వంతు

పొద్దున అయిదింటికే లేచా. జూన్ వచ్చినా ఎండలు తగ్గలేదు, ఏడు దాటితే విజయవాడలో మా సింగ్‌నగర్ ఇంట్లో పై గదిలో కూర్చుని చదవడం అయ్యే పని కాదు. విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈకి ఇంకా 38 రోజులే ఉంది. లెక్కల గురించి నాకు భయం లేదు, బీటెక్ సివిల్ చదివాం కదా అవి ఎలాగోలా వచ్చేస్తాయి, నా బెంగంతా వర్బల్ మీదే. పదో తరగతి దాకా తాతయ్య వాళ్ళ ఊళ్ళో తెలుగు మీడియంలో చదివినదాన్ని, ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది గానీ ఒకేలా కనిపించే రెండు మాటల మధ్య సన్నటి తేడా ఉంటుంది చూడండి, అక్కడే చిక్కుకుపోతున్నా.

ఏప్రిల్ నుంచి రోజుకి ముప్పై పదాలు లిస్టు పెట్టుకుని బట్టీ పడుతున్నా, ఆదివారం పూట వెనక్కెళ్ళి చూసుకుంటే సగం కూడా గుర్తుండట్లేదు. ఇవాళ అబేట్ అన్న మాట మూడోసారి మర్చిపోయా. పక్కన 'తగ్గు' అని నేనే రాసుకున్నా, కానీ తగ్గు అని రాసుకున్న మాటలు ఆ నోట్సులోనే ఇంకో పది ఉన్నాయి, ఏది ఎక్కడ వాడాలో తెలియనప్పుడు ఆ రాతకి అర్థమేముంది. నిజంగా ఏడుపొచ్చింది.

కాఫీకి కిందికి దిగితే మెట్ల పక్క గోడ మీద గీత కనపడింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు నీళ్ళు నిలబడ్డ గీత అది, రెండుసార్లు సున్నం వేయించినా మళ్ళీ పైకి తేలుతూనే ఉంది. అప్పుడు నాన్న పై మెట్టు మీద కూర్చుని కింద ఒక్కో మెట్టు బయటపడుతుంటే "తీస్తోందమ్మా, వరద తీస్తోంది" అని మాకు చెబుతూ ఉండేవారు, మేం ఆ మాట కోసమే ఎదురుచూసేవాళ్ళం. గీత చూస్తూ అక్కడే నిలబడిపోయా. అబేట్ అంటే అదే కదా! బరువు తగ్గితే అబేట్ అనరు, వయసు తగ్గించి చెబితే అనరు, తుఫాను, వరద, నొప్పి, కోపం, అలా ఉధృతంగా మీదికొచ్చినవి నెమ్మదిస్తే అంటారు. నోట్సులో 'తగ్గు' కొట్టేసి 'వరద తీయడం' అని రాశా. ఇక మర్చిపోనులే.

ఎనిమిదింటికి తాతయ్య ఫోన్. "అమ్మాయ్, ఇయ్యాల బ్యారేజీ మీదగా ఎల్తావంటగా, సీతానగరం పక్క కాలవకి నీళ్ళొదిలారేమో చూసి చెప్పు తల్లీ" అన్నాడు. మాది ఆ నీళ్ళే పారే కొమ్మమూరు కాలవ కింద చివరి పొలం, పైవాళ్ళందరికీ పారాక మిగిలినవే మాకు, అందుకే ఏటా ఈ రోజుల్లో ఆయన ధ్యాసంతా కాలవ మీదే ఉంటుంది.

సీతానగరంలో నా ఫ్రెండ్ వాళ్ళింట్లో ఇద్దరం టైమ్ పెట్టుకుని రాశాం. 2023 సెప్టెంబర్ నుంచి ఈ పరీక్ష కుదించేశారు, మొత్తం గంటా యాభై ఎనిమిది నిమిషాలే, అందులో వర్బల్ మొదటి సెక్షన్ 12 ప్రశ్నలకి 18 నిమిషాలు, రెండోది 15 ప్రశ్నలకి 23 నిమిషాలు. మొదటిది బాగా చేస్తే రెండోది కష్టమైనది వస్తుంది. ఖాళీలు పూరించేవాటిలో మూడు ఖాళీలుంటే మూడూ కరెక్టయితేనే మార్కు, రెండు పెట్టగలిగినా దక్కేది సున్నానే, అది మాత్రం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఇవాళ అన్నిటికంటే బాధపెట్టింది ప్యాసేజ్‌లో పోయిన ప్రశ్న. పగడపు దిబ్బల మీద ప్యాసేజ్, రెండో పేరాలో రచయిత ఏం చేస్తున్నాడు అని అడిగాడు. సరైన ఆప్షన్‌లో క్వాలిఫై అని ఉంది, నేను అర్హత అనుకుని దాన్ని వదిలేశా. అక్కడ దానర్థం చెప్పిన మాటకి హద్దు పెట్టడం. మా అమ్మ ఎవరి గురించైనా "మంచివాడేలే, కాకపోతే..." అంటుంది చూడండి, ఆ 'కాకపోతే'నే క్వాలిఫై. మాట కొత్తదైతే తెలియదని తెలుస్తుంది, తెలిసిన మాట రెండో అర్థంలో వస్తే మనకి అనుమానమైనా రాదు. ఈ పరీక్షలో నాకు అసలు భయం ఇలాంటి మాటలంటేనే.

భోజనాలయ్యాక ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారి పాత డిక్షనరీ తీశాం, మాటల పుట్టుక కూడా ఇచ్చే లావుపాటిది. డిరైవ్ అన్న మాట చూద్దామని తెరిస్తే లాటిన్‌లో రీవస్ అంటే ఏరు, ఏటి నుంచి నీళ్ళు మళ్ళించుకోవడమే డిరైవ్ అని ఉంది. అంటే కాలవ తీయడం! నాలుగేళ్ళ బీటెక్‌లో ఎన్ని ఈక్వేషన్లు డిరైవ్ చేశామో, ఆ మాటలో కాలవ ఉందని ఎవరూ చెప్పలేదు. రివర్ కూడా ఇందులోంచే వచ్చిందేమో అనుకున్నాం, కాదట, అది ఒడ్డు అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. కానీ రైవల్, అదే ప్రత్యర్థి, ఆ మాట మాత్రం రీవస్ నుంచే. ఒకే ఏటి నీళ్ళు వాడుకునే పక్కవాడు. చదివి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు, నాకైతే తాతయ్య పొలం గట్టు కళ్ళ ముందుకొచ్చింది.

సాయంత్రం తిరిగి వస్తూ కాలవ దగ్గర ఆటో దిగి చూశా, నీళ్ళు వదల్లేదు. అక్కడి నుంచి బ్యారేజీ మీద నడుచుకుంటూ వచ్చా, గాలి బాగుంది, ఎదురుగా కొండ మీద అమ్మవారి గుడి లైట్లు వెలుగుతున్నాయి. 1855లో కట్టిన పాత ఆనకట్ట ఉండేది ఇక్కడే, 1957కి ఈ డెబ్భై గేట్ల బ్యారేజీ వచ్చింది. బ్యారేజ్ కూడా నా లిస్టులో ఉంది, ప్రశ్నల మీద ప్రశ్నలు ఊపిరాడకుండా కురిపిస్తే దాన్ని కూడా బ్యారేజ్ అంటారు. అడ్డం కట్టడం అనే అర్థమున్న ఫ్రెంచ్ మాట నుంచి వచ్చిందది. ఇన్నేళ్ళుగా దీని మీదే తిరుగుతున్నా, ఇందులో ఇంకో అర్థం ఉందని వారం కిందటి దాకా తెలియదు.

రాత్రి తాతయ్యకి ఫోన్ చేసి నీళ్ళు రాలేదని చెప్పి, రైవల్ సంగతి కూడా చెప్పా. చాలాసేపు మాట్లాడాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు వంతు వచ్చిన రాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా పడుకునేవారంట, పై చేనాయన గడ్డి కుక్కి నీళ్ళు తనవైపు తిప్పుకుంటే గట్టు మీదే గొడవ, రెండేళ్ళు మాటల్లేవంట, ఆ తర్వాత ఒక ఏడు ఇద్దరి చేలూ ఎండిపోతే ఇద్దరూ కలిసే బాపట్ల వెళ్ళి అర్జీ పెట్టొచ్చారంట.

"ఆ మాట పెట్టినోడెవడో చివరి భూమి రైతే అయ్యుంటాడమ్మా" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "రేపు కూడా అటే ఎల్తావా?" అన్నాడు.

వెళ్తా తాతయ్యా, చూసి చెబుతా అన్నాను.