3 టీబీ డిస్కు, 349 జీబీ పార్టిషన్: నా రిపేర్ లాగ్

శనివారం రాత్రి

నాన్న పాడిన తత్వాల క్యాసెట్లను రెండేళ్లుగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఇప్పటికి 31 అయ్యాయి. అన్నీ యూఎస్‌బీ డబ్బాలో ఉన్న 3 టీబీ హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. రెండో కాపీ 12 క్యాసెట్లకే తీశాను. ఈ వారం డబ్బా సాకెట్ ఊడిపోయింది. డిస్కును బయటికి తీసి డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్‌కి (డిస్కును మదర్‌బోర్డుకు కలిపేది) నేరుగా తగిలిస్తే మౌంట్ కాలేదు, అంటే ఫైళ్లు తెరుచుకోలేదు. చాలా టెన్షన్ పడ్డాను.

రోజూ వాడే సిస్టమ్ తనంతట తానే డిస్కును ముట్టుకోకూడదని, పెన్‌డ్రైవ్ నుంచి సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ని లైవ్ బూట్ చేశాను, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపాను. పోయిన పార్టిషన్లను (డిస్కులోని భాగాలను) వెతికే టెస్ట్‌డిస్క్ అందులోనే ఉంటుంది. లైవ్‌లో ఒక విషయం గుర్తుంచుకోవాలి. రాసేదంతా ర్యామ్‌లోకే పోతుంది, రీబూట్ చేస్తే టెస్ట్‌డిస్క్ లాగ్ కూడా పోతుంది. అందుకే ఇంకో పెన్‌డ్రైవ్ మౌంట్ చేసి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లాకే టూల్ నడిపాను.

ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూశాను. రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై, వేరే చోటికి మార్చిన చిన్న ముక్కలు) 0, పెండింగ్ (సరిగ్గా చదవలేక, ఇంకా తేలనివి) 0. పెండింగ్ ఉండి ఉంటే అన్నీ ఆపేసి డీడీరెస్క్యూతో ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి నకలు, తీసేవాణ్ణి. తర్వాత డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూస్తే డిస్కు 2.7 టీ అని సరిగ్గానే ఉంది (1024 లెక్కన 3 టీబీ అంటే అంతే), దాని ఒకే ఒక పార్టిషన్ మాత్రం 349.3 జీ అంటోంది. దాని మీద, ఫైల్‌సిస్టమ్‌లో (ఫైళ్ల అమరికలో) తప్పుల్ని వెతికే ఈ2ఎఫ్‌ఎస్‌సీకేని ఎన్ ఆప్షన్‌తో, అంటే ఏమీ రాయకుండా నడిపాను. సూపర్‌బ్లాక్‌లో (ఫైల్‌సిస్టమ్ వివరాలుండే చోట) మ్యాజిక్ నంబర్ (గుర్తింపు అంకె) తప్పు అని, 8193 గానీ 32768 గానీ బ్యాకప్ సూపర్‌బ్లాక్‌తో ప్రయత్నించమని చెప్పింది. రెండూ పని చేయలేదు. ఎన్ పెట్టకుండా నడిపి, అడిగిన ప్రతిదానికీ వై కొట్టే పని మాత్రం చేయలేదు.

ఆదివారం ఉదయం

టెస్ట్‌డిస్క్ తెరిచాను. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఈ టూల్ పోయిన పార్టిషన్లను వెతికే పనిలో నాకు బాగా నమ్మకమైనది. పార్టిషన్లు ఎక్కడ మొదలై ఎంత పొడవున్నాయో రాసి ఉండే టేబుల్ రకం ఇంటెల్ (అంటే పాత ఎంబీఆర్) అని తనే గుర్తించింది. క్విక్ సెర్చ్‌లో ఎక్స్‌ట్4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్ ఒకటి దొరికింది. పీ నొక్కితే నా ఫోల్డర్లన్నీ కనిపించాయి! వెంటనే రైట్ (టేబుల్‌ని డిస్కు మీద రాసే మెనూ) నొక్కాలనిపించింది. కానీ ఒక అంకె దగ్గర ఆగాను. డిస్కులో ఉన్న టేబుల్ పార్టిషన్ 256వ సెక్టార్‌లో మొదలైందంటోంది, టెస్ట్‌డిస్క్ 2048 అంటోంది. 2048ని 256తో భాగిస్తే 8. 2.7 టీబీకీ 349.3 జీబీకీ తేడా కూడా దాదాపు 8 రెట్లే.

కారణం ఆ 8లోనే ఉంది. పెద్ద డిస్కుల కోసం చేసిన కొన్ని యూఎస్‌బీ డబ్బాలు సెక్టార్ సైజును కంప్యూటర్‌కి 4096 బైట్లుగా చూపిస్తాయి. ఎంబీఆర్ టేబుల్‌లో సెక్టార్ అంకెలకు 32 బిట్లే ఉంటాయి కాబట్టి 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాటలేం. 4096 అయితే 16 టీబీ వరకు సరిపోతుంది. అప్పట్లో డబ్బాలో ఉంచే ఫార్మాట్ చేశాను కాబట్టి టేబుల్ ఆ కొలతతోనే రాసి ఉంది. సాటాలో డిస్కు 512 అని చెబుతోంది. డిస్కుకు ఏమీ కాలేదు, టేబుల్‌ని వేరే కొలతతో చదువుతున్నాం, అంతే.

టెస్ట్‌డిస్క్ జామెట్రీ మెనూలో సెక్టార్ సైజు 4096 చేసి మళ్లీ అనలైజ్ చేశాను. ఈసారి పాత టేబుల్ తప్పులేకుండా కనిపించింది. ఇంకో పరీక్ష కూడా పెట్టాను. 256ని 4096తో గుణిస్తే 10,48,576. ఆ బైట్ ఆఫ్‌సెట్‌తో (అక్కడి నుంచి మొదలయ్యేలా) లోసెటప్‌లో రీడ్ ఓన్లీ లూప్ డివైజ్ (డిస్కులో ఆ భాగాన్నే విడి డిస్కులా చూపేది) కట్టి, డంప్‌ఈ2ఎఫ్‌ఎస్‌తో ఫైల్‌సిస్టమ్ హెడర్ చూశాను. బ్లాక్ కౌంట్ (ఒక్కో బ్లాక్ 4096 బైట్లు) 732566272. ఎఫ్‌డిస్క్ చూపిన పార్టిషన్ సెక్టార్ల సంఖ్య కూడా 732566272. రెండూ అక్షరాలా ఒకటే. అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.

లూప్ డివైజ్‌ని ఆర్‌వో (చదవడానికి మాత్రమే), నోలోడ్ ఆప్షన్లతో మౌంట్ చేశాను. నోలోడ్ పెడితే జర్నల్‌ని (ఫైల్‌సిస్టమ్ మార్పుల చిట్టాని) కూడా కదపదు. ఏమీ రిపేర్ చేయకముందే పాటలన్నీ కాపీ చేసేశాను. గంట క్యాసెట్ సీడీ నాణ్యతలో 635 ఎంబీ, 31కీ కలిపి 20 జీబీ లోపే.

ఆదివారం సాయంత్రం

ఇప్పుడు టేబుల్ సరిచేయాలి. 512 కొలతలో ఈ పార్టిషన్‌కి 586,05,30,176 సెక్టార్లు కావాలి, అది ఎంబీఆర్‌లో పట్టదు. ఉదయం ఇంటెల్ రకంతో రైట్ నొక్కి ఉంటే మంచి టేబుల్ వచ్చేదే కాదు. కాబట్టి పెద్ద డిస్కులకూ సరిపోయే కొత్త రకం టేబుల్, జీపీటీయే దారి. జీపీటీ డిస్కు మొదట్లో 34 సెక్టార్లు, చివర్లో 33 తీసుకుంటుంది. నా పార్టిషన్ 2048లో మొదలవుతుంది, చివర్లో ఇంకా 944 సెక్టార్లు ఖాళీ. రెండు వైపులా చోటుంది.

ముందుగా డిస్కు మొదటి ఎంబీ, చివరి ఎంబీ డీడీతో పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. లూప్‌ని అన్‌మౌంట్ చేసి విడదీశాను. జీపీటీ టేబుల్ రాసే జీడిస్క్‌లో ఓ నొక్కి కొత్త జీపీటీ, ఎన్ నొక్కి కొత్త పార్టిషన్: మొదలు 2048, చివర 5860532223, రకం 8300 (లినక్స్). పీతో ఒకసారి చూసుకుని, డిస్కు మీద రాయడానికి డబ్ల్యూ. తర్వాత, కొత్త టేబుల్‌ని సిస్టమ్ మళ్లీ చదివేలా పార్ట్‌ప్రోబ్.

ఈ2ఎఫ్‌ఎస్‌సీకే మొదట ఎఫ్ (బాగున్నట్టు కనిపించినా పూర్తిగా చూడు), ఎన్ ఆప్షన్లతో, తర్వాత ఎఫ్ ఒక్కదానితో. ఐదు పాస్‌లూ ఒక్క తప్పు లేకుండా పూర్తయ్యాయి. యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఫైల్‌సిస్టమ్‌ది కాబట్టి మారలేదు, ఎఫ్‌స్టాబ్‌లో (ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైల్‌లో) పాత లైనే పనిచేసింది.

ఈ డిస్కును మళ్లీ అలాంటి డబ్బాలో పెడితే ఇదే కథ తిరగబడుతుంది, అప్పుడు జీపీటీ కనపడదు. అందుకని "512, జీపీటీ, సాటా మాత్రమే" అని స్టిక్కర్ రాసి డిస్కు మీద అంటించాను. 32వ క్యాసెట్ రేపు రాత్రి మొదలుపెడతాను.