కండె

చిన్నదాని కోచింగ్ నోట్సులో ఒక్క వాక్యం సాయంత్రం నుంచీ నన్ను వదలడం లేదు. "కండె తంతువులు క్రోమోజోములను ధ్రువాల వైపు లాగును." కణం రెండుగా చీలేటప్పుడు అందులో కట్టుకునే సన్నని నాళికల కట్టే ఈ కండె, దాని రెండు కొసలే ధ్రువాలు. వాక్యం కింద ఎర్ర గీత, పక్కన రెండు మార్కులు. అంతే.

"అంత లాగుతుంటే కండె కూలిపోదా? దాన్ని పట్టుకునేదెవరు?" అన్నాను. "సిలబస్‌లో లేదమ్మా" అంది. అంత మామూలుగా అనేసరికి ఒళ్లు మండింది. అనుమానమే రానివ్వని చదువు ఏం చదువు! అన్నాల దగ్గరా అదే గొడవ. "రేపు దానికి టెస్టు, వదిలెయ్" అన్నారు ఈయన. వదల్లేకపోయాను.

కండె అంటే నాకు మంగళగిరిలో అమ్మమ్మే. రాట్నం ముందు కూర్చుని కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి రెండు వేళ్ల మధ్య నుంచి పోగు వదిలేది. వదులైతే కండె మీద ఉబ్బుగా పడి, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో చిక్కుకునేది. బిగిస్తే పుటుక్కున తెగేది. తెగితే రెండు కొసలూ మెలిపెట్టి, ఏమీ కానట్టే మళ్లీ తిప్పేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఒకే ఒక్కసారి ఇచ్చింది. పోగు వేలిని సన్నగా కోసింది.

కణంలోనూ ఆ బిగువే. కైనెసిన్-5 అనే మోటారు ప్రొటీను ఎదురెదురు నాళికలను పట్టుకుని ధ్రువాలను దూరంగా నెడుతుంది. దాని తోటిదే కైనెసిన్-14 లోపలికి లాగుతుంది. 1999లో మొనాస్ట్రాల్ అనే మందుతో కైనెసిన్-5ను ఆపితే రెండు ధ్రువాలూ విడిపోలేక కండె ఒకే చుక్క చుట్టూ ముద్దయింది.

ఇంతవరకూ రాశాక అనిపిస్తోంది, "పట్టుకునేదెవరు" అన్న నా ప్రశ్నే సరిగా లేదు. చాలా నాళికల్లో, వాటిని కట్టే ట్యూబ్యులిన్ అనే ప్రొటీను నిమిషం తిరక్కుండానే మారిపోతుంది. ఏ పోగూ నిలవదు, కండె ఆకారం మాత్రం నిలుస్తుంది. పిల్ల మీద అంత అరవాల్సింది కాదు.

ఆ కోచింగ్ కాగితం మీద కోపం మాత్రం పోలేదు. మనిషి అండంలో కండె కట్టుకోవడానికే దాదాపు 16 గంటలు పడుతుంది, అదీ ఊగిసలాడుతూ. ఎలుక, ఆవు అండాల్లో ఉండే కెఐఎఫ్‌సి1 అనే కైనెసిన్-14 మన అండాల్లో దాదాపు లేదని, బయటి నుంచి ఇస్తే కండె కుదురుకుందని 2022లో జర్మనీలోని గోటింగెన్ పరిశోధకులు చూపించారు. ఎన్ని గర్భాలు నిలవకపోవడానికి, క్రోమోజోములు తప్పుగా పంచుకునేలా చేసే ఈ ఊగిసలాటతో సంబంధం ఉందో! ఆడపిల్లలకు చెప్పాల్సిన సంగతి కాదా ఇది?

ఇందాక చిన్నది నీళ్లకి లేచొచ్చి నా భుజం మీంచి చదివింది. "నెట్టేదొక్కటే ఉంటే సాగిపోతూనే ఉంటుంది కదమ్మా, అందుకేగా లాగేది కూడా?" అంది.

టెస్టు ఎనిమిదింటికి. పడుకోమన్నాను.